స్నానపు గది, బట్టలుతుకు తావు: పెరటి నీటికి దారి

(అరసవల్లిలో రైతు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు వరి నారును గూర్చియో, ఎరువులను గూర్చియో మాట్లాడవలెను గాని, స్నానపు గదిని గూర్చి మాట్లాడుట ఏమి అని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఈ రెండింటికిని మూలము ఒకటే. అది నీరు. పొలమునకు నీరు పెట్టుటకు ముందు మురుగు పోవు దారి చూచుకొనని రైతు ఉండడు. ఎగువ మడవ తీయుటకు ముందే దిగువ మడి సంగతి ఆలోచించును. అదే రైతు పెరటిలో స్నానపు గది కట్టునప్పుడు ముందు గోడలు లేపి, పలకలు పరచి, కుళాయి బిగించి, చివరకు గోడకు ఒక కన్నము పెట్టి, "నీరు ఎటో ఒకవైపు పోవునులే" అని ఊరకుండును.

ఈనాడు నేను చెప్పదలచినది ఒక్కటే. నీరు పోవు దారిని ముందు నిర్ణయించవలెను. గోడలు ఆ తరువాత.

నీరు ఇంటికి వచ్చినది, మురుగు కూడ వచ్చినది

మన పెద్దల కాలములో బట్టలు ఏటి ఒడ్డుననో, చెరువు గట్టుననో, నూతి పళ్ళెము మీదనో ఉతికెడివారు. నాగావళి ఒడ్డు ఊళ్ళవారికి ఏరే చాకిరేవు. ఇంటి ఆడవారు తడిబట్టల మూటను నడుమున పెట్టుకొని మైళ్ళు నడిచినారు. ఆ శ్రమ చాలవరకు తీరినది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామీణ గృహమునకు కుళాయి ఇచ్చి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించవలెనని లక్ష్యము పెట్టుకొనినది. బోరు ఉన్న ఇండ్లలో అంతకు మించియే వాడుచున్నారు.

ఇక లెక్క చూడుడు. ఇంటిలో అయిదుగురు ఉన్నచో రోజుకు 275 లీటర్లు. అందులో అయిదింట నాలుగు వంతులు వాడిన నీరుగా బయటికి వచ్చునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. అనగా రోజుకు 220 లీటర్లు, నెలకు 6,600 లీటర్లు. పూర్వము ఏటి ఒడ్డున విడిచివచ్చిన నీరంతయు ఇప్పుడు మన పెరటిలోనే దిగుచున్నది. కుళాయి కొరకు మనము పట్టుబట్టితిమి. ఈ 220 లీటర్లు ఎక్కడికి పోవలెనో ఎవరును అడుగలేదు.

అడుగనందువలన కలుగు నష్టము చిన్నది కాదు. బోదకాలు వ్యాధి మన ఉత్తర కోస్తా జిల్లాలలో తరతరాలుగా ఉన్నది. ఆ వ్యాధిని మోయు క్యూలెక్స్ దోమ మురికి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. స్నానపు గది వెనుక నిలిచిన సబ్బు గుంటయే దానికి పురిటిల్లు. ఆరోగ్య శాఖవారు ఇంటింటికి వచ్చి మాత్రలు మ్రింగించినారు. మాత్ర వ్యాధి క్రిములను అణచును గాని గుంటను పూడ్చదు. గుంటను పూడ్చుట మన పని.

అదియును గాక, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ళలో ఇండ్లు పలుచోట్ల ఒక గోడను ఇద్దరు పంచుకొని వరుసగా ఉండును. పెరడు సన్నముగా, పొడవుగా ఉండును. ఒకరి మురుగు వాలున మరియొకరి దొడ్డిగుమ్మము ముందు నిలుచును. అన్నదమ్ముల వంటి ఇరుగుపొరుగుల నడుమ మాట పట్టింపు పెరుగుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు.

తావు ఏర్పాటు

స్నానమునకు, ఉతుకుటకు వేరువేరు మూలలలో కట్టినచో రెండు గొట్టములు, రెండు తూములు, రెండు మురుగు గుంటలు ఏర్పడును. రెండింటిని ఒకేచోట చేర్చినచో ఒకే తొట్టి, ఒకే కుళాయి వరుస, ఒకే మురుగు దారి చాలును. ఖర్చు తగ్గును, కనిపెట్టుకొనుట సులభమగును.

లోపలి కొలత పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు గల తావు అయిదారుగురు ఉన్న ఇంటికి సరిపోవును. లోపలి వైపు నాలుగడుగులు స్నానమునకు, ముందు వైపు ఆరడుగులు ఉతుకుటకు విడువవలెను. నడుమ ఏడడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళముల ఇటుక గోడ లేపి తలుపు పెట్టవలెను. అప్పుడు లోపల ఒకరు స్నానము చేయుచుండగా బయట మరియొకరు ఉతుకుకొనవచ్చును. ఉతుకు భాగమునకు పెరటివైపు పూర్తి గోడ అక్కరలేదు. మూడడుగుల గోడ కట్టి, పైన జాలీ ఇటుక పెట్టినచో గాలి, వెలుతురు వచ్చును, మరుగును ఉండును.

మరుగుదొడ్డి సంగతి వేరు. దాని నీరు దాని గుంటలకే పోవలెను. స్నానము నీటిని, ఉతికిన నీటిని మరుగుదొడ్డి గుంటలోనికి విడిచినచో గుంట త్వరగా నిండును, మలము కుళ్ళి ఎరువగుట చెడును. రెండు గుంటల మరుగుదొడ్డి కట్టుకొనినవారు ఈ మాట మరువరాదు.

నేల వాలు పది అడుగులకు రెండంగుళములు ఉండవలెను. అంతకు తగ్గినచో నీరు నిలుచును, మరీ పెరిగినచో సబ్బు నేలపై ముసలివారు జారిపడుదురు. ఉతుకు తావు నేలను ఇంటి నేలకంటె ఒక అంగుళము దిగువను, స్నానపు గది నేలను దానికంటె మరియొక అంగుళము దిగువను ఉంచవలెను. నున్నని మెరుపు పలకలు ఇక్కడ వద్దు. గరుకు పలకలు గాని, గీతలు గీసిన సిమెంటు నేల గాని మేలు.

రెండు భాగములకును చెరియొక జాలి తూము పెట్టవలెను. మేస్త్రీలు దీనిని నహానీ ట్రాప్ అందురు. దాని గిన్నెలో ఎప్పుడును రెండంగుళముల నీరు నిలిచియుండును. ఆ నీరే గొట్టములోని దుర్వాసనను, బొద్దింకలను లోపలికి రానీయక ఆపును. రెండు తూములును ఒకే బయటి గోడవైపు ఉండునట్లు పెట్టినచో ఒకే తిన్నని గొట్టములో కలియును. గొట్టము నాలుగంగుళములది వేసి, ఇరువది అడుగులకు నాలుగైదు అంగుళముల వాలు ఈయవలెను. వంపులు ఎంత తక్కువైన అంత మంచిది. ఉమ్మడి గోడకు ఆనించి ఉతుకు బండ గాని, తొట్టి గాని పెట్టరాదు. చెమ్మ పొరుగువారి గోడకు ఎక్కును.

బండ ఎత్తును ఎవరు చెప్పవలెను?

కొలతలన్నియు మేస్త్రీ చెప్పవచ్చును గాని బండ ఎత్తు మాత్రము ఉతుకు మనిషి చెప్పవలెను. మన పెరళ్ళలో బండ నేలమీదనే ఉండును. నడుము వంచి ఉతికి ఉతికి నలువది ఏండ్లకే నడుము నొప్పి అను ఆడవారు ప్రతి ఊరిలోను ఉన్నారు. పొలములో నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన నడుమును ఇంటి దగ్గర మరల వంచుట న్యాయము కాదు.

నిలబడి ఉతుకువారికి మోచేయి మడిచినప్పుడు మోచేతికి ఒక జానెడు దిగువన బండ పైభాగము ఉండవలెను. సాధారణముగా ఇది రెండున్నర అడుగుల దరిదాపున వచ్చును గాని, ఒక్కొక్కరి ఎత్తును బట్టి మారును. కావున మేస్త్రీ ఇటుకలు పేర్చునప్పుడు ఇంటి ఇల్లాలిని పిలిచి, అక్కడ నిలబెట్టి, కొలిచి కట్టించవలెను. బండ రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉండి, ముందుకు కాక ప్రక్క తూమువైపు కొద్దిగా వాలియుండవలెను. ముందుకు వాలినచో నీరంతయు ఉతుకువారి కాళ్ళమీద పడును. కూర్చుండి ఉతుకుట అలవాటైన పెద్దవారికి ప్రక్కనే ఒక చిన్న పీట దిమ్మ కట్టించినచో ఇద్దరికిని సౌకర్యము.

యంత్రము ఉన్నవారికి

వాషింగ్ మెషీను ఇప్పుడు పల్లె ఇండ్లలోను కనబడుచున్నది. దానికి మూడంగుళముల ఎత్తు గల దిమ్మ కట్టి, తడి తగలని మూలలో ఉంచవలెను. స్నానము చేయు భాగములో ఎంతమాత్రము పెట్టరాదు. మూడు కాళ్ళ ప్లగ్గు, మంచి ఎర్తు తీగ ఉండవలెను. కరెంటు లీకైన వెంటనే ఆపివేయు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చిని ఇంటి బోర్డులో పెట్టించవలెను. ప్లగ్గు నాలుగడుగులకు పైన, నీరు చిందని గోడకు ఉండవలెను. తడి చేతితో, వట్టి కాళ్ళతో, తడి నేలమీద స్విచ్చి వేయు తావు ఇది. ఇక్కడ నాలుగు రూపాయలు మిగిల్చుకొనుట మనిషి ప్రాణముతో బేరము. గ్యాసు గీజరును మూసిన స్నానపు గదిలో బిగించుటయు ఇట్టిదే. వాసన లేని విషవాయువు ఊపిరి తీయును.

యంత్రము ఉన్నదని బండను తీసివేయరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చినప్పుడు మన జిల్లాలలో ఎన్నో ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తిరుగదు, యంత్రము తిరుగదు. అట్టి దినములలో నిలువ తొట్టి, బండ ఇవే ఆదుకొనును. తొట్టికి మూత ఉండవలెను, వారమునకొకసారి పూర్తిగా వంపి తోమి ఆరబెట్టవలెను. డెంగీ దోమ మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగుటకు సుమారు వారము, పది దినములు పట్టును. వారమునకొకసారి తోమిన తొట్టిలో దోమ పుట్టదు.

సూర్యుని దిక్కు

సూర్యనారాయణస్వామి కొలువైన ఊరిలో సూర్యుని మాట చెప్పక తీరదు. ఏటా మార్చి రెండవ వారములోను, అక్టోబరు మొదటి వారములోను ఉదయపు కిరణములు స్వామి పాదములను తాకుట మీరెరిగినదే. దేవాలయము కట్టినవారు సూర్యుని దారిని చూచి గుమ్మము నిలిపిరి. మనము పెరటి గది కట్టునప్పుడును సూర్యుని దారి చూచుకొనుట తగును.

స్నానపు గదికి తూర్పున గాని, దక్షిణమున గాని కిటికీ పెట్టినచో నేల త్వరగా ఆరును, పాచి పట్టదు. బట్టలారవేయు తీగెలు ఉతుకు తావునకు దక్షిణముగానో, పడమరగానో ఉండవలెను. చలికాలములో సూర్యుడు దక్షిణమునకు దిగి నడచును గనుక ఉత్తరపు గోడ నీడలో వేసిన బట్టలు సాయంత్రము వరకు ఆరవు. జూన్ మొదలు అక్టోబరు వరకు వానలు గనుక కొంత భాగమునకు రేకు చూరు వేయవలెను. ఆ రేకును గాలికి లేవకుండ కొక్కెపు బోల్టులతో దూలమునకు బిగించవలెను. రాళ్ళు పెట్టి ఊరుకొనిన రేకులు తుపానులో ఏమగునో మనము చూచితిమి.

పెరటి మడవ

ఇప్పుడు అసలు విషయము. గొట్టము బయటికి వచ్చిన చోట అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు గల ఒక సిమెంటు పెట్టె కట్టి మూత పెట్టవలెను. దానికి రెండు దారులు ఉండవలెను. ఒకటి చెట్లకు, ఒకటి ఇంకుడు గుంతకు. ఏ దారి వద్దనుకొనిన ఆ దారిని గుడ్డ చుట్టిన చెక్క బిరడాతో మూయవచ్చును. ఇది మీకు క్రొత్త విద్య కాదు. పొలములో మడవ త్రిప్పుట వంటిదే.

స్నానము నీరు, బట్టలు జాడించిన చివరి నీరు చెట్లకు పనికివచ్చును. వేసవిలో అరటి చెట్టుకు రోజుకు 15 నుండి 20 లీటర్ల నీరు కావలెను. అయిదుగురు స్నానము చేసిన నీటితో అయిదారు అరటి చెట్లు వేసవి దాటును. కొబ్బరి, మెట్టతామర కూడ ఈ నీటికి తగినవి. ఆకుకూరలకు, పచ్చిగా తిను కూరగాయలకు, దుంపలకు ఈ నీరు పెట్టరాదు. నీటిని మొదటికి తగులనీయక చుట్టు పాదిలో గడ్డి పరచి దాని క్రిందికి విడువవలెను. బ్లీచింగు పొడి, ఫినాయిలు కలిసిన నీరు చెట్లవైపు విడువరాదు.

సబ్బు పొడి బాగా కలిసిన మొదటి ఉతుకు నీరు ఇంకుడు గుంతకే పోవలెను. కారణము చెప్పెదను. బట్టల పొడులలో సోడియము లవణములు ఎక్కువ. చౌడు భూమిని పాడుచేయునది కూడ ఈ సోడియమే. అది బంకమట్టి రేణువులను విడదీసి, నేల రంధ్రములను పూడ్చును. నీరు ఇంకదు, వేరు పారదు. నిత్యము ఒకే పాదిలో సబ్బు నీరు పోసినచో మీ చేతులతో మీ పెరటిలో చౌడు తయారగును. ఎర్ర ఇసుక నేలలు కొంత ఓర్చుకొనును గాని, బంకనేలలు త్వరగా చెడును. పైన తెల్లని పొర, నేల బిగిసి పగుళ్ళు కనబడినచో నీటి దారి మార్చి, జిప్సము చల్లి, మంచినీటితో కడుగవలెను.

ఇంకుడు గుంత మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉన్నచో చాలును. అడుగున పెద్ద రాళ్ళు, పైన ఇటుక ముక్కలు, ఆపైన గులకరాళ్ళు నింపవలెను. రాళ్ళు నింపిన పిదప కూడ మూడింట ఒక వంతు ఖాళీ, అనగా సుమారు 250 లీటర్లు మిగులును. ఒక దినపు నీరు అందులో పట్టును, పట్టినది ఇంకుచుండును. గొట్టము కొసన అడుగున చిల్లులు పొడిచిన కుండ పెట్టి, అందులో కొబ్బరి పీచు నింపినచో నురుగు, వెండ్రుకలు, దారములు దానిలో ఆగును. పీచును పదిహేను దినములకొకసారి మార్చవలెను. ఈ పని మానినచో గుంత పూడి రెండవ సంవత్సరమునకే పనికిరాదు.

గుంత త్రవ్వుటకు ముందు నేలను పరీక్షించవలెను. ఒక అడుగు లోతు గొయ్యి తీసి నీరు నింపి ఇంకనీయవలెను. మరల నింపి గడియారము చూడవలెను. గంటలో ఒక అంగుళమైనను దిగనిచో అక్కడ ఇంకుడు గుంత నిలువదు. వానకాలములో నాలుగైదు అడుగులలోనే జలమెక్కు పల్లపు ఊళ్ళలోను ఇది పనికిరాదు. అట్టిచోట పొడవైన అరటి కాలువ వేసికొనుట మేలు. మంచినీటి నూతికి, బోరుకు గుంత ఏబది అడుగులకు తగ్గకుండ దూరముండవలెను. పెరడు చిన్నదై ఆ దూరము లేనివారు నలుగురైదుగురు కలిసి వీధి చివర ఒకే పెద్ద గుంత త్రవ్వించుకొనవచ్చును. 2020లో మొదలైన స్వచ్ఛభారత్ రెండవ దశలో వాడిన నీటి ఏర్పాటు కూడ చేర్చబడినది. పంచాయతీవారిని అడుగుడు.

మందు కొట్టిన బట్టలు

ఒక మాట ప్రత్యేకముగా సోదరులకు. పురుగుమందు కొట్టి వచ్చి ఆ చొక్కాను పిల్లల బట్టల కుప్పమీద విసరుట మన ఇండ్లలో సామాన్యము. మందు కొట్టినది మీరు. ఆ బట్టను చేతులతో పిసుకునది మీ ఇల్లాలు. మీ ఒంటిమీద పడిన మందులో కొంత ఆమె చేతికి, ఆ తొట్టిలో జాడించిన పసిబిడ్డ గుడ్డకు చేరును.

కనుక ఉతుకు తావులో ఒక మేకు, ఒక బకెట్టు మందు బట్టలకు వేరుగా ఉంచి, గుర్తు వేయవలెను. ఆ బట్టలను అదే దినమున, ఇతర బట్టలతో కలపక, చేతికి రబ్బరు తొడుగులు వేసికొని, ముందు జాడించి, తరువాత సబ్బుతో వేడినీటిలో రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరవేయవలెను. యంత్రములో వేసినచో తరువాత వట్టి నీటితో, సబ్బుతో ఒకసారి యంత్రమును త్రిప్పవలెను. మందు ఒలికి తడిసిన బట్టను ఉతుకరాదు, వాడుకనుండి తీసివేయవలెను. ఈ బట్టల నీరు చెట్లకు గాని, చెరువునకు గాని పోరాదు. మడవ ఇంకుడు గుంతవైపే ఉండవలెను. స్ప్రేయరును మాత్రము ఈ తావులో కడుగరాదు. దానిని పొలములోనే మూడుసార్లు జాడించి, ఆ నీటిని మందు కొట్టిన పైరుమీదనే చల్లవలెను. పొలమునుండి వచ్చినవాడు ఇంటిలోనికి పోకుండ దొడ్డిగుమ్మమునుండి నేరుగా స్నానపు గదికి చేరునట్లు దారి ఉన్నచో మందు వంటింటి గడప దాటదు. ఈ తావును పెరటివైపు పెట్టుమనుటకు ఇదియు ఒక కారణము.

ముగింపు

చెప్పినదానిని మరల కూర్చెదను. స్నానము, ఉతుకుట ఒకేచోట పెట్టుడు. మరుగుదొడ్డి నీటిని వేరుచేయుడు. నేలకు పది అడుగులకు రెండంగుళముల వాలు ఈయుడు. బండ ఎత్తును ఉతుకు మనిషితో కొలిపించుడు. కరెంటు పనిలో లోభింపకుడు. మంచి నీరు చెట్టుకు, సబ్బు నీరు, మందు నీరు గుంతకు పోవునట్లు మడవ కట్టుడు.

ఈ గదికి పెద్ద ఇల్లు అక్కరలేదు. గుంత త్రవ్వుట ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఇప్పటికే గది కట్టుకొనినవారు కూడ గోడలు పడగొట్టనక్కరలేదు. బయటి పెట్టె, గుంత, వేరు బకెట్టు ఈ మూడింటిని రేపే ఏర్పాటు చేసికొనవచ్చును. క్రొత్తగా కట్టదలచినవారు మేస్త్రీకి కబురు పంపుటకు ముందు పెరటిలో నాలుగు బకెట్ల నీరు కుమ్మరించి, అది ఎటు పారునో, ఎక్కడ నిలుచునో, ఎవరి గుమ్మమునకు చేరునో నిలబడి చూడుడు. ఆ చోట ఒక పుల్ల పాతుడు. మేస్త్రీ వచ్చినప్పుడు ముందుగా ఆ పుల్లను చూపుడు.